గౌతమి మొగలో ఆర్‌ఓవీ: నేవీవాళ్ళ పద్ధతి మన బురద నీళ్ళలో నడుస్తుందా?

గోదారిగట్టు_22 అడుగుతున్నారు:

అందరికీ నమస్కారమండి. ఫైనలియర్ ప్రాజెక్టు కింద నలుగురం కలిసి చిన్న ఆర్‌ఓవీ (మనిషి ఎక్కకుండా, తాడు ద్వారా పైనుంచి నడిపే నీటి అడుగు బండి) కడుతున్నాం. బండి తూకం 11 కిలోలు, నీళ్ళలో దాదాపు తేలదు, మునగదు. ఆరు థ్రస్టర్లు (నీటిని చిమ్మి బండిని నెట్టే మోటార్లు): నాలుగు అడ్డంగా, రెండు నిలువుగా. బ్యాటరీ లోపలే, 14.8 వోల్టులు, 18 ఆంపియర్ అవర్లు. తొట్టెలో స్ప్రింగ్ త్రాసు కట్టి చూస్తే ముందుకు 9 కిలోల బలంతో లాగుతోంది. టెదర్, అంటే బండికి కట్టిన తాడు, 100 మీటర్లు, 7.6 మిల్లీమీటర్ల మందం, డేటాకి మాత్రమే.

దీంతోపాటు సెమినార్ కూడా ఉంది. అంశం: నౌకాదళాల్లో ఆర్‌ఓవీల వాడకం. గైడుగారు ఒకటే ప్రశ్న వేశారు. "ఆరు వేల మీటర్ల లోతుకి దిగేవాటి సంగతి ఎవరైనా చెబుతారు. భైరవపాలెం దగ్గర, గౌతమి సముద్రంలో కలిసేచోట పది మీటర్ల ఎర్రనీటిలో, అడుగున మైన్ (ఓడల్ని పేల్చడానికి నీటిలో పెట్టే బాంబు) ఉందో లేదో చూడమంటే ఏం చేస్తారు? అది చెప్పండి" అన్నారు. ప్రవాహంలో బండి నిలబడాలంటే ఏం చెయ్యాలి, కెమెరా పనికిరాని చోట నేవీవాళ్ళు దేన్ని నమ్ముకుంటారు, ట్రయల్ ఎక్కడ వెయ్యాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

తాడుచుట్ట:

ముందు తాడు లెక్క వెయ్యి తమ్ముడూ, బండి లెక్క తరవాత.

నీటి లాగుడు అంటే సగం × నీటి సాంద్రత × డ్రాగ్ గుణకం × ఎదురు వైశాల్యం × వేగం వర్గం. నీ బండి ముందు భాగం చదరపు మీటరులో పదో వంతు అనుకుందాం, గుణకం 1 పెట్టు. ప్రవాహం సెకనుకి ఒక మీటరుంటే 50 న్యూటన్లు, అంటే 5 కిలోలు. 9 కిలోల థ్రస్ట్ ఉంది కాబట్టి పరవాలేదనిపిస్తుంది. ఇప్పుడు తాడు చూడు. 100 మీటర్లు × 0.0076 అంటే 0.76 చదరపు మీటర్లు. గుండ్రటి తాడుకి గుణకం 1.2. లాగుడు 456 న్యూటన్లు, 46 కిలోల పైమాటే! బండి కంటే తొమ్మిదింతలు. చిన్న ఆర్‌ఓవీ కొట్టుకుపోయిందంటే మోటార్ల తప్పు అనుకుంటారు గాని, తాడే దాన్ని ఈడ్చుకుపోతుంది.

నౌకాదళాలు దీన్ని మూడు రకాలుగా దాటతాయి. లోతు పనుల్లో బరువైన ఇనుప కవచం ఉన్న కేబుల్‌కి ఒక పంజరాన్ని కట్టి దించుతారు. బండి ఆ పంజరంలోంచి బయటికొస్తుంది, వెంట సన్నటి తాడు కొంచెమే ఉంటుంది. పై ప్రవాహం లాగుడంతా కేబుల్, ఓడ భరిస్తాయి, బండి మీద పడదు. రెండోది, మైన్‌ని పేల్చేసి తనూ పోయే రకం బండ్లు. జర్మనీవాళ్ళ సీఫాక్స్ లాంటివి. బ్యాటరీ లోపలే, బయటికి సన్నటి ఆప్టికల్ ఫైబర్ మాత్రమే. ఫైబర్ చుట్ట బండిలోనే ఉండి వెనక్కి వదులుకుంటూ పోతుంది. వదిలిన ఫైబర్ నీళ్ళలో ఉన్నచోటే ఉంటుంది కాబట్టి దాన్ని లాక్కెళ్ళే పని బండికి ఉండదు. మూడోది మరీ సులువు: పడవకి లంగరు వెయ్యకుండా నీటితోపాటే జారనివ్వడం. బండి, పడవ, తాడు అన్నీ ఒకే వేగంతో కదిలితే వాటి మధ్య ఎదురు ప్రవాహం దాదాపు ఉండదు. కాకపోతే ఒకే వస్తువు ముందు నిలబడి చూడాలంటే ఇది కుదరదు.

నీకు పనికొచ్చేది పంజరం పద్ధతికి పేదవాడి రూపం. 12 నుంచి 15 కిలోల సీసం గాని ఇనుము గాని విడిగా ఒక నైలాన్ తాడుకి కట్టి దించు. టెదర్‌ని ప్రతి రెండు మీటర్లకీ ఆ తాడుకి క్లిప్పుతో పట్టించు. బరువు దగ్గర్నుంచి బండి దాకా 15 మీటర్లే వదులుగా ఉంచు. అప్పుడు 15 మీటర్ల లాగుడు, బండి లాగుడు మాత్రమే మోటార్ల మీద పడతాయి. సెకనుకి అర మీటరు ప్రవాహంలో రెండూ కలిపి 3 కిలోలు, హాయిగా నిలబడుతుంది. ఒక మీటరైతే 12 కిలోలు. నీ దగ్గరున్నవి 9. అంటే అర మీటరు దాటిందా, ఆ రోజుకి బండి దించొద్దు. మోటార్లు పెంచితే సరిపోతుందనుకోకు. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది.

లోతుకొలత:

పై లెక్క సరైనదే గాని ఒక సవరణ. వంద మీటర్ల తాడూ ప్రవాహానికి అడ్డంగా ఉండదు, వాలిపోతుంది. వాలిన కొద్దీ లాగుడు తగ్గుతుంది, కాబట్టి 46 కిలోలు గరిష్ఠం అనుకోండి. పది మీటర్ల నీళ్ళలో అసలు వంద మీటర్లు వదలాల్సిన పనే లేదు. గట్టున చుట్టలో ఉన్న తాడుకి లాగుడు ఉండదు కదా. మిగతాదంతా ఒప్పుకుంటాను.

ప్రవాహం కొలవడానికి పరికరం కొననక్కర్లేదు. పీచు తియ్యని ఎండు కొబ్బరికాయ నీళ్ళలో వెయ్యండి. అది కొంత మునిగే తేలుతుంది కాబట్టి గాలి దాన్ని పెద్దగా నెట్టదు. పది మీటర్లు దాటడానికి 20 సెకన్లు పడితే సెకనుకి అర మీటరు. అంతకంటే తొందరగా దాటితే ఆగండి. థర్మోకోల్ ముక్క వెయ్యొద్దు, అది గాలి వేగం చెబుతుంది.

అయితే మొగ దగ్గర కొబ్బరికాయ కూడా సగం నిజమే చెబుతుంది. వేసవిలో గౌతమిలో నీరు పలచబడ్డాక పోటుకి ఉప్పునీరు అడుగునుంచి నాలుకలా లోపలికి చొచ్చుకొస్తుంది. పైన తేలికైన మంచినీరు సముద్రానికి పోతూ ఉంటుంది, కింద బరువైన ఉప్పునీరు ఎదురొస్తూ ఉంటుంది. టెదర్ మధ్యలో రెండు వంపులు తిరిగి పాములా తయారవుతుంది. పైన చూసి బండి దిగువకి పోతుందనుకుంటే అది ఎగువన ఉంటుంది. చూడాలంటే ఒక ప్లాస్టిక్ బకెట్‌కి కొంచెం బరువు కట్టి, పైన తేలే చిన్న బుయ్యకి ఆరు మీటర్ల తాడుతో వేలాడదీయండి. బుయ్య ఎటు పోతోందో అది అడుగు ప్రవాహం దిక్కు.

ఈ రెండు పొరల వల్ల ఇంకో చిక్కు ఉంది. మంచినీటిలో తూకం కుదిర్చిన 11 కిలోల బండి సముద్రపు నీటిలోకి దిగితే 275 గ్రాములు తేలికవుతుంది. ఉప్పు నీరు రెండున్నర శాతం బరువు మరి. పొర దగ్గరికి రాగానే బండి ఏదో పరుపు మీద కూర్చున్నట్టు ఆగిపోతుంది. పిల్లలు థ్రస్టర్ పాడైందనుకుని పైకి లాగి విప్పేస్తారు. 50 గ్రాముల సీసం బిళ్ళలు ఆరు దగ్గర పెట్టుకుని, పనిచేసే లోతులో ఉన్న నీటికి తూకం సరిచెయ్యండి. ఎప్పుడైనా సరే కొంచెం తేలేలాగే ఉంచాలి, 100 గ్రాములు చాలు. అప్పుడు అడుగు దగ్గర నిలబడాలంటే నిలువు థ్రస్టర్ నీటిని పైకి చిమ్ముతుంది. మునిగేలా ఉంచారనుకోండి, థ్రస్టర్ కిందకి చిమ్మి ఒండ్రునంతా లేపేస్తుంది. ఒకసారి లేచిన బురద ఆ పోటు తిరిగేదాకా కూర్చోదు.

శబ్దవేగం కూడా మార్చుకోవాలి. నీరు 30 డిగ్రీల దగ్గర ఉంటే మంచినీటిలో సెకనుకి సుమారు 1510 మీటర్లు, సముద్రంలో 1545. శబ్దం పంపి ప్రతిధ్వనితో దూరం చూసే సోనార్‌లో తప్పు అంకె ఉంటే 40 మీటర్ల దూరానికి దాదాపు మీటరు తేడా చూపిస్తుంది. వస్తువు ఉన్నచోట లేదని, లేనిచోట ఉందని వెదుకుతూ కూర్చోవాల్సి వస్తుంది.

గోదారిగట్టు_22:

చాలా థాంక్సండి, ఈ రెండు పొరల సంగతి మాకు తట్టనేలేదు. మరి సోనార్ పెడితే కెమెరా పూర్తిగా తీసెయ్యొచ్చా? ఆర్‌ఓవీతోనే ప్రాంతమంతా వెదకొచ్చా?

నౌకాస్థానం:

గైడుగారి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. మైన్లు వెదకడానికి ఆర్‌ఓవీని దించరు. వేరే పరికరం వెదికిపెట్టినదాన్ని దగ్గరికెళ్ళి చూడ్డానికి దించుతారు.

పని నాలుగు మెట్లు: కనిపెట్టడం, పోల్చడం, గుర్తించడం, నిర్వీర్యం చెయ్యడం. మొదటి రెండూ సోనార్‌వి. ఓడ అడుగున బిగించింది కావచ్చు, తాడుతో లాగుతూ రెండు పక్కలా అడుగుని చూసే సైడ్ స్కాన్ సోనార్ కావచ్చు, ఈ మధ్య తాడు లేకుండా తనంతట తాను తిరిగే ఏయూవీ కావచ్చు. అడుగున పడున్న దుంగ, డ్రమ్ము, తెగిన లంగరు, రాయి, అన్నీ మైన్‌లాగే కనిపిస్తాయి. వాటిలో అనుమానం ఉన్నవాటికి ఆకారం, నీడ పొడవు చూసి నంబర్లు వేస్తారు. మూడో మెట్టు దగ్గర ఆర్‌ఓవీ దిగుతుంది. ఫ్రాన్స్‌వాళ్ళ పాప్ 104 అయితే 100 కిలోల మందుగుండు మోసుకెళ్ళి, మైన్ పక్కన దించి, వెనక్కి వచ్చేసేది. తరవాత దూరం నుంచి పేల్చేవారు. సీఫాక్స్ అయితే పేలుడు బలం ఒకే దిక్కుకి పోయేలా మలచిన కిలోన్నర లోపు మందుతో తానే పోయి పేలిపోతుంది. చౌకబండి పోతే పోయింది, ఓడ, మనుషులు దూరంగా ఉన్నారు. అదీ లెక్క.

వెదకడానికి ఆర్‌ఓవీ ఎందుకు కాదో అంకెల్లో చూడండి. కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు ఉన్న మొగ అనుకుందాం. సైడ్ స్కాన్ అటు 30, ఇటు 30 మీటర్లు చూస్తుంది. దాని కిందే కనపడని పట్టీ ఉంటుంది కాబట్టి వరసకీ వరసకీ 25 మీటర్లు పెడితే పక్క వరస ఆ ఖాళీని నింపుతుంది. 21 వరసలు, 21 కిలోమీటర్లు. మూడు నాట్ల (గంటకి సుమారు ఐదున్నర కిలోమీటర్ల) వేగంతో మలుపులు కాక నాలుగు గంటలు. అదే ఆర్‌ఓవీ ముందు సోనార్‌తో పది మీటర్ల వెడల్పు చూస్తూ సెకనుకి 0.3 మీటర్లు నడిస్తే 46 గంటలు. మీ బ్యాటరీ మహా వస్తే రెండు గంటలు. కెమెరా ఒక్కదాన్నే నమ్ముకుంటే, ఎర్రనీటిలో అర మీటరు కూడా కనపడదు కాబట్టి, ఇంకో ఇరవై రెట్లు వేసుకోండి.

సైడ్ స్కాన్‌ని రేంజిలో 10 నుంచి 20 శాతం ఎత్తున లాగాలి. 30 మీటర్ల రేంజికి అడుగునుంచి 3 నుంచి 6 మీటర్లు. పది మీటర్ల నీటిలో ఇది బాగా కుదురుతుంది. మరీ పైనుంచి లాగితే నీడలు పొట్టివైపోతాయి. వస్తువు కంటే నీడే ఎక్కువ చెబుతుంది.

డెల్టాలో వచ్చే అసలు ఇబ్బంది పూడిక. ఇసుక నేల మీద పడ్డ మైన్ కనపడుతుంది, మన ఒండ్రులో పడ్డది తన బరువుకే సగం దిగిపోతుంది, ఒక వరద సీజనయ్యాక పైన పొర కప్పేస్తుంది. అప్పుడు సైడ్ స్కాన్‌కి నీడ ఉండదు, కెమెరాకి ఏమీ ఉండదు. బురదలోకి దూరే తక్కువ ఫ్రీక్వెన్సీ ప్రొఫైలర్, లేదా ఇనుముని పట్టే మాగ్నెటోమీటర్ కావాలి. ఇక్కడ ఆర్‌ఓవీ ఎంత గొప్పదైనా ఒక్కతే ఏమీ చెయ్యలేదు. సెమినార్‌లో ఈ ముక్క తప్పకుండా చెప్పండి, లోతు రేటింగులు చెప్పకపోయినా ఫరవాలేదు.

కాకినాడ పేరు మీదే ఐఎన్‌ఎస్ కాకినాడ అని మన నేవీకి మైన్‌స్వీపర్ ఉండేది. 1986లో చేరింది, 2017లో విరమించింది. 2019లో ఐఎన్‌ఎస్ కోళికోడ్ కూడా విరమించడంతో ఆ తరగతి ముగిసింది. కొత్త మైన్ వేట ఓడలకి రక్షణ కొనుగోళ్ళ మండలి 2025 జులైలో ఆమోదం తెలిపింది. ఈలోగా 2019 నవంబరులో భారత్, అమెరికా బలగాలు టైగర్ ట్రయంఫ్ విన్యాసంలో కాకినాడ తీరంలోనే ఒడ్డుకి దిగాయి. అలా దళాలు దిగే ఒడ్డుకి ముందు ఉండే లోతు తక్కువ నీళ్ళే మైన్ వేటకి కష్టమైన నీళ్ళు: అలల బుడగలు సోనార్‌ని గుడ్డిది చేస్తాయి.

మైన్లు కాక మిగతా వాడుక గురించి టూకీగా. 1966లో స్పెయిన్‌లోని పాలొమారెస్ దగ్గర సముద్రంలో పడ్డ హైడ్రోజన్ బాంబుని సుమారు 870 మీటర్ల లోతునుంచి అమెరికా నేవీ కర్వ్ అనే ఆర్‌ఓవీ పైకి తెచ్చింది. బాంబు పారాచూట్‌లో బండే చిక్కుకుపోతే రెండింటినీ కలిపి లాగారు. 2005లో కంచట్కా దగ్గర ఏఎస్-28 అనే రష్యా చిన్న జలాంతర్గామి 190 మీటర్ల లోతున వలల్లో, కేబుళ్ళలో ఇరుక్కుంటే బ్రిటన్‌వాళ్ళ స్కార్పియో ఆర్‌ఓవీ వాటిని కోసి ఏడుగురిని బయటపడేసింది. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగాలా మునిగినప్పుడు సింగపూర్ ఓడ ఆర్‌ఓవీ దాన్ని 838 మీటర్ల దగ్గర చూసింది. విశాఖ నుంచి బయల్దేరిన మన రక్షక జలాంతర్గామి పరిమితి 650 మీటర్లే. 2025 జులైలో విశాఖలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్ మీద 1000 మీటర్ల దాకా దిగే ఆర్‌ఓవీలు ఉన్నాయి. 2016లో బంగాళాఖాతం మీద మాయమైన ఏఎన్-32 విమానం శకలాలని 2024లో 3400 మీటర్ల దగ్గర పట్టింది మాత్రం ఎన్‌ఐఓటీ (చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్ళ ఏయూవీ. వెదుకులాటకి తాడులేనిది, చేతిపనికి తాడున్నది. విభజన అక్కడా అదే.

ఏటిపాయ:

కచ్చులూరులో 2019లో బోటు మునిగితే ఇలాంటివి ఎందుకు పనిచెయ్యలేదు? ఇంత టెక్నాలజీ ఉండీ ఆఖరికి తాళ్ళూ లంగర్లే గతయ్యాయి కదా.

తాడుచుట్ట:

ఏటిపాయ గారూ, అది సరైన పరికరాన్ని సరైన చోట వాడటమే. సెప్టెంబరు 15న బోటు మునిగినప్పుడు గోదారిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. పాపికొండల మధ్య నది ఇరుకు, లోతు, సుడులు. ఏ ఆర్‌ఓవీ తాడూ అక్కడ నిలబడదు, డైవర్‌కీ కుదరదు. సోనార్ చోటు చూపించగలదు, పైకి లాగలేదు. కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఇనుప రోపులు, లంగర్లు, ప్రొక్లెయిన్‌తో వెదికి అక్టోబరు 22న బయటికి తీసింది. వరద తగ్గాక డైవర్లు దిగగలగడం కూడా కలిసొచ్చింది. ఐదు వారాలు ఆగితే నీరు తగ్గుతుందన్నది కూడా ఒక పద్ధతే. నేవీలు కూడా నీటి నిలకడ వేళ కోసం కాచుకునే దిగుతాయి.

ఉప్పుటేరు:

గోదారిగట్టు గారూ, కెమెరా తియ్యకండి. సోనార్ చూపించిన ముద్ద దుంగా డ్రమ్మా అని తేల్చేది 30 సెంటీమీటర్ల దూరంలో కెమెరానే. లైట్లని కెమెరా పక్కనే బిగించొద్దు. బురద రేణువుల మీద పడ్డ వెలుగు నేరుగా లెన్సులోకి తిరిగొచ్చి తెరంతా పాలలా అవుతుంది. చెరో 25 సెంటీమీటర్లు పక్కకి జరిపి, కొంచెం లోపలికి వాల్చండి.

బ్యాటరీ లోపల పెట్టడం మంచి పని. కొందరు గట్టునుంచి కరెంటు పంపుదామంటారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, వంద మీటర్లు పోను, వంద రాను: నిరోధం 2.3 ఓమ్‌లు. 20 ఆంపియర్లు పంపితే 46 వోల్టులు తీగలోనే పోతాయి. మీ దగ్గర ఉన్నదే 15! అందుకే పెద్దవి వందల, వేల వోల్టులు పంపి కింద దించుకుంటాయి, దానికి లీకేజీని క్షణంలో పట్టి కట్ చేసే రక్షణ తప్పనిసరి. కాలేజీ బల్ల మీద ఆ పని పెట్టుకోకండి.

బ్యాటరీ ఉండే గొట్టం బిగించాక చేతి పంపుతో 10 అంగుళాల పాదరసం వాక్యూమ్ పెట్టి 15 నిమిషాలు వదలండి. 9 కంటే కింద పడితే మూత దగ్గరి రబ్బరు ఓ-రింగు విప్పి చూడండి. తొంభై శాతం ఒక వెంట్రుకో, ఇసుక రేణువో దొరుకుతుంది. ఈ పరీక్ష మూడున్నర మీటర్ల నీటి ఒత్తిడికి సమానమే కాబట్టి, పాసైంది కదా అని నేరుగా పది మీటర్లకి దించకుండా, ముందు తాడు కట్టి ఖాళీ గొట్టాన్ని అరగంట దించి తియ్యండి. మన ఉక్కపోతలో మూత బిగిస్తే లోపలి చెమ్మ అద్దం మీద మంచులా కడుతుంది. ఏసీ గదిలో బిగించండి, 20 గ్రాముల సిలికా జెల్ పెట్టండి.

పని అయ్యాక పావుగంట మంచినీటి బకెట్లో థ్రస్టర్లు నెమ్మదిగా తిప్పండి. ఒండ్రు ప్లాస్టిక్ బుష్‌ని ఉప్పు కంటే వేగంగా తినేస్తుంది. ప్రొపెల్లర్లకి జాలీ వేసినా గుర్రపుడెక్క వేళ్ళు అందులోంచి దూరి షాఫ్టుకి చుట్టుకుంటాయి. అందుకే కాలువల్లో ట్రయల్ వద్దు. చేపల చెరువు బాగుంటుంది గాని ఏరియేటర్లు ఆపించి, కరెంటు మెయిన్ తీయించాకే చెయ్యి పెట్టండి. పాత కేబుళ్ళు నీళ్ళలో కరెంటు వదులుతూ ఉంటాయి.

లోతుకొలత:

ట్రయల్‌కి వరస ఇలా పెట్టుకోండి: తొట్టె, చెరువు, వేసవిలో ధవళేశ్వరం ఎగువ నిలవనీరు (బ్యారేజీ గేట్లకి బాగా దూరంగా, అనుమతితో), ఆఖరికి మొగ. మొగకి అష్టమి, నవమి రోజులు చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి పోట్లకి నీరు నిలిచే సమయం బాగా తక్కువ. పోటు, పాటు మారేటప్పుడు దొరికేది అరగంట అనుకుని, బండి ముందే నీళ్ళ పక్కన సిద్ధంగా ఉంచుకోండి. కర్రలు పాతి కట్టిన వలలు ఎక్కడెక్కడున్నాయో ఆ రేవు సరంగుని ముందు రోజే అడగండి. తెర మీద అంకెలు చూపించే బండి కంటే ఆయన మాటే నయం.

కాగితాల సంగతి: యానాం దగ్గర ఒక గట్టు ఆంధ్ర, ఇంకో గట్టు యానాం అంటే పుదుచ్చేరి. ఇద్దర్నీ అడగాలి. మొగ దాటితే మెరైన్ పోలీసులకి, కోస్ట్‌గార్డుకి రాతపూర్వకంగా తెలపండి, గ్యాస్ పైపులైన్ల వైపు పోకండి. తెర మీద గుండుగానో స్తంభంలాగానో ఇనుప వస్తువు అనుమానంగా కనిపిస్తే దగ్గరికి పోయి కొక్కెంతో కదపొద్దు. జీపీఎస్ రాసుకుని, బండి వెనక్కి తీసుకుని, 112కి చెప్పండి.

గోదారిగట్టు_22:

అలాగేనండి. ముందు 15 కిలోల బరువు, క్లిప్పులు కొంటాం. తాడు 4 మిల్లీమీటర్లది దొరికితే లెక్క మారుతుందా?

తాడుచుట్ట:

మారుతుంది. 15 మీటర్లకి సెకనుకి మీటరు ప్రవాహంలో 7 కిలోల బదులు 3.7. బండి 5తో కలిపితే 8.7, నీ థ్రస్ట్ 9. అంచు మీద ఉన్నట్టే, కాబట్టి అర మీటరు నియమం మార్చకు. ఇంకోటి, సన్నతాడు తెగే బలం ఎంతో కొనేముందే అడుగు. బురదలో కూరుకున్న బండిని ఆ తాడుతోనే లాగాల్సి వస్తుంది.